అమ్మ చేతులు, మూడో చిత్తు

పిండి పొంగడానికి గంట పడుతుందని చెప్పి వదిన గిన్నె మీద తడిగుడ్డ కప్పి పొయ్యి పక్కన పెట్టింది. కుందుజ్‌కి మిగిలింది కూడా ఆ గంటే. ఆ తర్వాత పిండిని ముక్కలు కోసి నూనెలో వేయించాలి, మూటగట్టుకుని బస్సెక్కాలి, మూడింటికల్లా కాలేజీ హాల్లో ఉండాలి, ఉండి, నూట యాభై మంది ఎదుట నిలబడి ‘మా అమ్మ చేతులు’ అనే వ్యాసం చదవాలి. వ్యాసం రాసి వారమైంది. నాలుగు పేజీలు. బాగానే వచ్చింది, బాగానే ఏమిటి, చాలా బాగా వచ్చింది, రాయడం నేర్పే వెనేరా మేడం అంతటి మనిషి చిత్తుప్రతి చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చిక్కల్లా ఒకటే. వ్యాసంలో ఉన్న చేతులు ఒకావిడవి, హాల్లో మొదటి వరసలో కూర్చోబోయేది ఇంకొకావిడ. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలీదు, తెలిసే అవకాశమూ లేదు. ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు తీశాడు, తల్లి పేరు దగ్గర చినారా అని ఉంది, ఆ పేరు మీద పిలుపు పంపేశాడు. అతని తప్పేముంది? కాగితం మీద తల్లి చినారాయే. కన్నది చినారాయే. కుందుజ్ నోరారా వదినా అని పిలిచేది ఆ చినారానే.

ఆ పిలుపు కార్డు ఇప్పుడు ఇంటి హాల్లో అద్దాల బీరువాలో, టీ కప్పుల సెట్టుకు ఆనించి నిలబెట్టి ఉంది, కూర్చున్న చోటినుంచే కనిపిస్తోంది, చుట్టూ గులాబీ పువ్వుల అంచు, మధ్యలో బంగారు రంగు అక్షరాలు, ఆడవాళ్ళ పండగ సందర్భంగా మీ అమ్మాయి మీ గురించి రాసిన వ్యాసం వినడానికి దయచేసి రండి. మీ అమ్మాయి. మీ గురించి. ఆ కార్డు వచ్చిన రోజు వదిన రెండుసార్లు చదివి ఏమీ అనకుండా బీరువాలో పెట్టింది, మర్నాడు కుట్టు దుకాణంలో సెలవు అడిగింది, మూడేళ్ళలో ఒక్క సెలవు పెట్టని మనిషి. ఆ మర్నాడు బజారు నుంచి ఒక నీలం తలగుడ్డ కొనుక్కొచ్చింది. కుందుజ్ అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచింది కూడా, తెరిచి, టీ ఉందా అని అడిగింది. అలాంటి ధైర్యవంతురాలు.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? చిత్తు రాసేటప్పుడు ముందు చేతిని కదలనివ్వండి, తల దాని వెనకే వస్తుంది అంటుంది వెనేరా మేడం, అందుకని కుందుజ్ చేతిని కదిలించింది, అది వెళ్ళి వ్యాసం నకలులో మొదటి వాక్యం మీద ఒక గీత గీసింది. ‘తెల్లవారుజామున చలికి మా అమ్మ చేతులు కర్రల్లా బిగుసుకుపోతే ఆవు పొదుగు కింద పెట్టుకుని వెచ్చచేసుకుంటుంది.’ ఇది పోవాలి. బిష్కెక్ శివార్లలో, బురద సందులో, రెండు గదుల ఇంట్లో, కుట్టు దుకాణానికి వెళ్ళొచ్చే మనిషికి ఆవు ఎక్కడిది? ఆవును తీసేస్తే ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది, మా అమ్మ చేతులు చలికి బిగుసుకుపోతాయి, నిజమే కదా, చలి అందరికీ ఒకటే. రెండో పేజీలో ఉన్ని తివాచీ ఉంది, వేడినీళ్ళు చల్లి, గడ్డిచాపలో చుట్టి, మోచేతులతో దొర్లించి దొర్లించి చేసేది, అది కూడా పోవాలి. మూడో పేజీలో గుడారం తాళ్ళు, అవీ పోవాలి. గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టడం పోవాలి. అలా కొట్టేసుకుంటూ వెళ్ళి చివరికి చూసుకుంటే కాగితం మీద మిగిలింది ‘మా అమ్మ చేతులు గరుకుగా ఉన్నా ప్రేమగా ఉంటాయి’ అనే ముక్క. దీనికి కళ్ళజోడు తీసి తుడుచుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆవును తీసేస్తే ఆవుతో పాటు అమ్మ కూడా లేచి వెళ్ళిపోయింది. కుందుజ్‌కి ఒళ్ళు మండింది, ఆ కాగితం ఉండ చుట్టి సంచిలోకి విసిరేసి, తెల్లకాగితం తీసి, పైన మూడో చిత్తు అని రాసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నోట్లో ఎండబెట్టిన పెరుగు ఉండ ఉంది, ఉప్పగా, రాయిలా, ఒక పట్టాన కరగదు. అమ్మ పంపిన సంచిలోది. చేత్తో నొక్కి చేస్తారు కాబట్టి ప్రతి ఉండ మీదా వేళ్ళ గుంటలు ఉంటాయి, ఏ ఉండ ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలదు కుందుజ్, పక్కింటివాళ్ళవి నాలుగు గుంటలు, అమ్మవి మూడే, అమ్మ ఉంగరం వేలు వంగదు, ఎప్పుడో గుర్రం తాడు పడి బిగిసిపోయింది. నాలుకతో తడుముకుంటే మూడు గుంటలూ తగులుతున్నాయి. ఈ ఉండ మీద ఉన్నది జూరా అనే డెబ్బై మూడేళ్ళ మనిషి చెయ్యి, ఊళ్ళో అందరికీ కుందుజ్ నాయనమ్మ, కుందుజ్‌కి మాత్రం అమ్మ. పెద్ద కొడుకు తొలి బిడ్డను తీసుకెళ్ళి ముసలివాళ్ళ ఒళ్ళో పెట్టడం వాళ్ళలో ఉన్నదే, అడిగేవాళ్ళూ ఉండరు, కాదనేవాళ్ళూ ఉండరు. పెట్టిన రోజునుంచీ ఆ బిడ్డ వాళ్ళ ఆఖరి బిడ్డ, కన్నతండ్రి అన్న, కన్నతల్లి వదిన, తాత నాన్న. నాన్న పోయి ఏడేళ్ళయింది. ఇందులో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలుసు, తెలియాల్సిన పిల్లకే ఏడేళ్ళు వచ్చేదాకా తెలీదు. ఒకరోజు నీళ్ళ దగ్గర ఎవరో చెప్పారు. ఇంటికి పరిగెత్తుకొచ్చి అడిగితే అమ్మ పాలు వడగడుతూ, “అయితే? కడుపు ఆవిడది, ఒళ్ళు నాది, రెండూ నీవే కదే, ఏడుస్తావెందుకు?” అంది. అప్పటికి ఏడుపు ఆగింది. తర్వాతే ఇంకోరకంగా మొదలైంది.

నిన్న ఫోన్లో, “ఏం రాశావే?” అని అడిగింది అమ్మ. “నీ గురించే.” “నా గురించి ఏముందే రాయడానికి?” “నీ చేతుల గురించి.” “చేతుల గురించా! పేడ గురించి రాశానని చెప్పు, సరిపోతుంది. దీనికా కాలేజీలో మేష్టర్లకి జీతాలిచ్చి మీకు చదువు చెప్పిస్తున్నారు?” అని నవ్వి, దగ్గి, కనుమ మీద ఇంకా మంచు పడుతోందనీ, కార్లు రావడం లేదనీ, ఆవు ఈనిందనీ చెప్పి, చివర్న, పెట్టేసే ముందు, “చినారా వస్తోందా వినడానికి?” అంది. వస్తోంది అంది కుందుజ్. అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. “సరే, తల దువ్వుకుని వెళ్ళు” అని పెట్టేసింది.

ఒక వాక్యమైనా రాయాలి వదిన గురించి, ఒక్క వాక్యం, మర్యాదకైనా. చేతిని కదలనిచ్చింది. ‘మా వదిన కుట్టు దుకాణంలో పనిచేస్తుంది.’ పక్కింటావిడ గురించి రాసినట్టుంది. ‘మా వదిన చాలా కష్టపడుతుంది.’ ఇది ఎవరి గురించైనా రాయొచ్చు, బస్సు డ్రైవరు గురించి కూడా. ఆర్నెల్లయింది ఈ ఇంటికొచ్చి. సెప్టెంబరులో పెట్టె పట్టుకుని దిగితే, తమ్ముళ్ళిద్దరినీ, అంటే మేనల్లుళ్ళని, ఏదో ఒకటి, వాళ్ళిద్దర్నీ హాల్లోకి మార్చి కుందుజ్‌కి గది ఇచ్చారు. మాంసంలో మెత్తటి ముక్క ఆమెకే వడ్డిస్తారు. గిన్నెలు తోమబోతే వద్దంటారు. అన్న తలుపు తట్టి లోపలికొస్తాడు. పోట్లాడరు, కసరరు, మేనల్లుళ్ళ వీపు మీద పడే దెబ్బ ఒక్కటి కూడా ఆమె వీపు మీద పడలేదు, దెబ్బ కోసం మొహంవాచిన పిల్ల ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే ఈ ఇంట్లోనే ఉంది. వాళ్ళని ఉంచుకున్నారు, నన్ను ఇచ్చేశారు. ఈ మాట ఏ చిత్తులోనూ రాయలేదు, రాయదు కూడా, కానీ ఉంది, కాలికింద ముల్లులా, నడిచినప్పుడల్లా ఉంది. ఇవ్వడానికి వదినకి ఎంతసేపు పట్టి ఉంటుంది? గొర్రెపిల్లనిచ్చినంతసేపు పట్టిందా?

తలుపు సందులోంచి వదిన తల పెట్టింది, తలమీద ఆ నీలం గుడ్డ, ఇంకా ధర చీటీ తెంపలేదు.

“ఆడపడుచు గారూ, ఒక్క మాట. హాల్లో ముందు కూర్చోవాలా, వెనక కూర్చున్నా ఫర్వాలేదా?”

“మీకు మొదటి వరసలో వేశారు వదినా.”

“అయ్యో. అంత ముందా?” గుడ్డ సర్దుకుంది. “అయితే ఏడుపొచ్చే చోట్లు ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు, కాటుక పెట్టుకోను. అందరిముందూ నల్లటి చారలతో కూర్చోవాలా నేను?”

కుందుజ్ కలానికి మూత పెట్టి, మళ్ళీ తీసింది. వదిన ఒక క్షణం చూసి, “సరే, పెట్టుకోనులే” అని వెళ్ళిపోయింది, వంటింట్లో పళ్ళెం చప్పుడైంది. చెప్పు, చెప్పెయ్యి, ఇంకా పావుగంట ఉంది, బస్సులో చెబుతావా, మైకు ముందా? ముందు ఆ ఒక్క వాక్యం. ‘మా వదిన చేతులు.’ ఆ మూడు మాటలు రాసి ఆగిపోయింది, ఎందుకంటే ఆ చేతులు ఎలా ఉంటాయో ఆమెకి తెలీదు. అమ్మ చేతుల మీద ఏ మచ్చ ఎక్కడుందో నిద్రలో చెబుతుంది. వదిన చేతులు ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ముట్టుకున్నది ఎప్పుడు? ఏడాదికి ఒకసారి. వేసవిలో, మేత కొండ మీద గుడారం వేసుకున్నప్పుడు, బిష్కెక్ నుంచి అన్నా వదినా వచ్చేవాళ్ళు. కారు దిగి అందరినీ పలకరించి చివరికి కుందుజ్ దగ్గరికి వచ్చేది వదిన. అత్తమామల ఎదుట కన్నబిడ్డని ముద్దుచెయ్యడం కోడళ్ళకి తప్పు, అందులోనూ ఇచ్చేసిన బిడ్డని. అందుకని అందరి పిల్లల్ని పలకరించినట్టే, బాగున్నావా అని వీపు మీద చెయ్యి వేసేది. అది ఒక వింత చెయ్యి. ఒకచోట నిలిచేది కాదు, నిమిరేదీ కాదు, ఒక భుజం దగ్గర పెట్టి, బొటనవేలూ చిటికెనవేలూ చాచి, రెండో భుజం దాకా అడుగులేసినట్టు వెళ్ళేది, తర్వాత చేతి మీదుగా మణికట్టు దాకా దిగేది, అంతే, అయిపోయేది. పీతలాగా, అనుకునేది కుందుజ్. అందరి అమ్మలూ పిల్లల్ని గట్టిగా హత్తుకుంటుంటే, ఈవిడ పీతలాగా వీపు మీద పాకి వెళ్ళిపోతుందేమిటి, నేనంటే అసహ్యమా, అనుకునేది. వదిలించుకుని నీళ్ళ దగ్గరికి పరిగెత్తేది. వారంరోజులుండి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత సెప్టెంబరు చివర్న, మొదటి మంచుకి ముందు, డ్రైవరు చేత ఒక మూట వచ్చేది, అందులో కోటు.

కలం ఆగింది. కోటు. ప్రతి ఏడూ కోటు. ఎర్రది, ముదురాకుపచ్చది, పెద్ద గుండీలది, టోపీ ఉన్నది. పిల్లలకి ఒకటే కోటు నాలుగేళ్ళు వచ్చేలా బారుగా కుట్టిస్తారు ఊళ్ళో, స్కూలంతా చేతులు మడిచిన కోట్లే. కుందుజ్‌దొక్కటే ఒంటికి అతికినట్టుండేది, ఒక్క యేడు తప్ప ఏ యేటికాయేడు, లోపల స్వెట్టరుకి ఒక్క వేలు వదులుంచి. ఎవరు కొలతలు పంపారు? అమ్మ పంపలేదు, అమ్మకి దారం గుచ్చడమే వచ్చు, కొలవడం రాదు. వదినకి ఉత్తరాలు రాసేవాళ్ళెవరూ లేరు. మరి ఎలా తెలిసింది? కుందుజ్ తన కుడిచేతిని ఎదురుగా పెట్టుకుని బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూసింది. దాన్ని బల్ల మీద ఒకసారి అడుగు వేయించింది. లేచింది, కుర్చీ పడింది, పడనీ.

వంటింట్లో వదిన బల్లకి పిండి చల్లుతోంది.

“వదినా, వ్యాసం అమ్మ గురించి. మొత్తం అమ్మ గురించే. మీ గురించి ఒక్క ముక్క లేదు.”

వదిన తల ఎత్తలేదు. “తెలుసు.”

“తెలుసా!”

“చేతుల గురించి రాయమంటే ఇంకెవరి చేతుల గురించి రాస్తావు? నిన్ను పెంచినవి అవే కదా. గుమాస్తా నా పేరు రాశాడు, వాడికేం తెలుసు.” గిన్నె మీద గుడ్డ తీసి చూసి మళ్ళీ కప్పింది. “కనుమ మీద మంచు, అత్తయ్య రాలేదు. ఎవరో ఒకరు వెళ్ళి వినాలి కదా. మొదటి వరసలో కూర్చుని అంతా విని, రాత్రికి ఫోన్ చేసి ఆవిడకి మాట పొల్లుపోకుండా చెబుతాను. అందుకే కదా సెలవు పెట్టింది. గుడ్డ అంటావా, అత్తయ్య తరఫున వెళ్తూ పాతది కట్టుకుని వెళ్తానా?”

ఇన్నాళ్ళూ తనే ఏదో దాస్తున్నాననుకుంది.

“వదినా, నా కోట్లు... నా కొలతలు మీకెలా తెలిసేవి?”

పిండి చల్లే చెయ్యి ఆగింది. వదిన మెడ దగ్గరినుంచి ఎర్రబడింది, దొంగతనం బయటపడ్డట్టు. “కుట్టేవాళ్ళకి చెయ్యే టేపు. ఏదో, పలకరించేటప్పుడు.”

“గుర్తుండేవా?”

“ఎందుకుండవూ? రెండో యేడు, వీపు జానా రెండు వేళ్ళు. నాలుగో యేడు, జానా మూడు వేళ్ళు. ఆరో యేడు జానా బెత్తెడు, చెయ్యి రెండు జానలకి రెండు వేళ్ళు తక్కువ, కుడిభుజం కాస్త జారి ఉండేది, నీళ్ళ బిందె మోసి. ఎనిమిదో యేడు జానా బెత్తెడూ వేలూ.” గుక్క తిప్పుకోకుండా చెబుతోంది, బల్ల మీద వేళ్ళు వాటంతటవే చాచుకుంటున్నాయి. “ఎక్కడా రాసుకోలేదు. రాసుకుంటే, ఇచ్చింది మళ్ళీ దాచుకున్నట్టుంటుంది కదా. అందుకని నోటికే. కుట్టు మిషను మీద కూర్చుని అనుకుంటూ ఉండేదాన్ని. తొమ్మిదో యేడు లేదు.”

“లేదా?”

“ఆ యేడు రాలేదు. అంతకుముందు వేసవి మేము వెళ్ళిపోయాక నువ్వు రెండు రోజులు అన్నం తినకుండా దారి మీద కూర్చున్నావట. అత్తయ్య కబురు పెట్టింది, ఒక్క యేడు రావద్దమ్మా, పిల్ల కుదురుకోనీ అని. ఆవిడ తప్పు కాదు. ఆ యేడు కోటు ఊహించి కుట్టాను. ఎలా ఉందో ఏమో.”

ఎలా ఉందో కుందుజ్‌కి తెలుసు. మణికట్టు పైన రెండు వేళ్ళ మేర చెయ్యి బయటికి కనబడేది, చలికాలమంతా అక్కడ చర్మం పగిలి మండేది. నన్ను మర్చిపోయారు, అందుకే ఎవరి కోటో పంపారు, అనుకుంది ఆ పిల్ల, తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ కోపాన్ని ఇప్పటిదాకా మోసుకొచ్చింది. దారి మీద కూర్చోవడం మాత్రం ఒక్కరవ్వ కూడా గుర్తులేదు.

“సరిపోయింది వదినా” అంది.

“అబద్ధం. పదో యేడు చూస్తే రెండు వేళ్ళు పెరిగి ఉన్నావు, నాకు తెలీదూ.” వదిన మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది, నుదుటిమీద పిండి అంటింది. “పద, పద, టైమైంది. కాగితం పట్టుకొచ్చావేంటి, ఏం రాస్తున్నావు? ఇవన్నీ చదువుతావా ఏంటి అక్కడ? అత్తయ్య వింటే నవ్వుతుంది.”

“వినాలి. ఆవిడవి నాలుగు పేజీలూ అలాగే ఉంటాయి, ఆవుతో సహా. ఇది ఐదోది.” గోడకి ఆనించి రాస్తోంది, అక్షరాలు వంకరపోతున్నాయి. “చెప్పండి, పన్నెండు, పద్నాలుగు...” వదిన చెప్పింది, సిగ్గుపడుతూ, పిండి ముక్కలు కోస్తూ, ఒక్కొక్క ముక్కకి ఒక్కొక్క యేడన్నట్టు. “పోయిన వేసవి, పదిహేడు. రెండు జానలకి వేలు తక్కువ.”

“పద్దెనిమిది?”

వదిన కత్తి ఆపేసింది.

“పద్దెనిమిది లేదు.”

“జనవరిలో వచ్చాయి కదా పద్దెనిమిది. ఆర్నెల్లుగా మీ ఇంట్లోనే ఉన్నాను.”

“అదే మరి.” వదిన గొంతు చాలా చిన్నదైపోయింది. “ఊరినుంచి వస్తే పలకరింపుగా చెయ్యి వెయ్యొచ్చు. రోజూ ఇంట్లో తిరిగే పిల్ల మీద ఏ వంకన చెయ్యి వెయ్యను? నువ్వు దిగిన రోజు పెట్టె అడ్డమొచ్చింది. తర్వాత ఇంక కుదర్లేదు.”

పొయ్యి మీద నూనె కాగి సన్నగా చిటపటలాడుతోంది. కుందుజ్ కాగితం బల్ల మీద పెట్టింది. హాల్లోకి వెళ్ళింది, వాకిట్లో బూట్లు వేసుకుంది, తలుపు తీసుకుని బయటికి నడిచింది. మార్చి బురద, కరిగీ కరగని మంచు, గేటు దాకా వెళ్ళి, గేటు తీసి సందులోకి దిగి, ఒక్క క్షణం అక్కడ నిలబడింది. పక్కింటి ముసలాయన బొగ్గుల బకెట్టుతో పోతూ ఈ పిల్ల కోటు కూడా లేకుండా ఎక్కడికి పోతోందా అన్నట్టు చూశాడు. మళ్ళీ గేటు తీసుకుని లోపలికొచ్చి, మెట్లెక్కి, తలుపు కొట్టింది. వదిన వచ్చి తలుపు తీసింది, చేతులు మోచేతులదాకా పిండి.

“వదినా, వచ్చాను” అంది కుందుజ్.

వదినకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చేతులు గౌనుకి తుడుచుకోబోయి, తుడుచుకోకుండానే, ఒక అడుగు ముందుకేసింది. “బాగున్నావా?” అంది. “దారి బాగుందా?” అంది. చెయ్యి వచ్చి ఎడమ భుజం మీద ఆనింది, వేళ్ళు చాచుకున్నాయి, ఒక జాన నడిచింది, రెండో జాన మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది.

“లెక్క తప్పింది” అంది వదిన, ముక్కు ఎగబీలుస్తూ. “ఉండు, మళ్ళీ మొదటినుంచి చూస్తా.”

కుందుజ్ కదలకుండా నిలబడింది.